రాజయ్య గారి ఊరు ఏ రాష్ట్రం?



పెందుర్తిలో కూర్చుని భద్రాచలం ఎమ్మెల్యే కథ మనకెందుకు అంటారేమో. నీళ్ల కోసం. పోలవరం ఎడమ కాలువ ద్వారా విశాఖ నగరానికి, ఇక్కడి ఫ్యాక్టరీలకు 23.44 టీఎంసీల గోదావరి నీళ్లు ఇవ్వాలన్నది ప్రాజెక్టు లెక్క. పాడేరు, అరకు నుంచి దిగొచ్చి ఇక్కడ అద్దెకుంటున్న మనమూ రేపు ఆ నీళ్లే తాగుతాం. ఆ ప్రాజెక్టు కింద మునిగే ఊళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. కోయలు, కొండరెడ్లు.

సున్నం రాజయ్య గారు ఆ ఊళ్ల మనిషి. కోయ బిడ్డ. వరరామచంద్రపురం మండలం సున్నంవారిగూడెం ఆయన ఊరు. భద్రాచలం నుంచి సీపీఎం తరఫున 1999, 2004, 2014లో మూడుసార్లు గెలిచారు. మధ్యలో 2009లో ఓడిపోయారు. ఎమ్మెల్యే అయ్యాక కూడా బస్సెక్కి తిరిగిన మనిషి. అందుకే ఆయన్ని చాలామంది గుర్తుపెట్టుకున్నారు. నేను మాత్రం ఇంకో సంగతికి గుర్తుపెట్టుకోమంటాను.

2014 ఏప్రిల్ 30న తెలంగాణలో పోలింగ్ జరిగింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాల జనం కూడా ఆ రోజే ఓటేసి రాజయ్య గారిని గెలిపించారు. నెల తిరక్కుండానే పోలవరం కోసం ఆర్డినెన్స్ వచ్చింది. జూలైలో పార్లమెంటు బిల్లు పాస్ చేసింది. ఆ మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయాయి. ఎమ్మెల్యే తెలంగాణ అసెంబ్లీలో, ఆయన సొంతూరు ఆంధ్రాలో! ఓటేసిన జనం గోడు చెప్పుకోవాల్సిన అసెంబ్లీలో వాళ్లు గెలిపించిన మనిషి లేడు. 2019 ఎన్నికల దాకా అదే పరిస్థితి. ఊరు మునగకముందే ఓటు మునిగింది.

ఆ తెలంగాణ అసెంబ్లీలో సీపీఎంకి ఉన్నది ఆయనొక్కరే. ఒక్క ఓటుతో ఏ బిల్లు ఆగుతుంది? ఆగదు. అయినా ముంపు జనం మాట ఆయన వదల్లేదు. 2019లో రంపచోడవరం నుంచి పోటీ చేశారు. ఎందుకంటే ఆ మండలాలు ఇప్పుడు ఆ నియోజకవర్గంలోనే ఉన్నాయి. గెలిచే సీటు వెతుక్కోలేదు, తన జనం ఎటు పోతే అటు నడిచారు. ఓడిపోయారు. 2020 ఆగస్టులో కరోనా ఆయన్ని తీసుకుపోయింది.

"మరి ఏం సాధించాడు?" అని అడుగుతారు. ప్రాజెక్టు ఆగలేదు, నిజమే. కానీ ప్రతిపక్షం పని గెలవడం ఒక్కటే కాదు. అధికారంలో ఉన్నవాళ్లు మర్చిపోదామనుకున్న ప్రశ్నని మర్చిపోనివ్వకపోవడం కూడా. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఆ మండలాల జనం కట్టుబట్టలతో గుట్టలెక్కారు. ఆ ప్రశ్న ఇంకా బతికే ఉందని ఆ వరద చెప్పింది.

మనలో చాలామందికి ఎమ్మెల్యే అవ్వాలని ఉంటుంది. మంచిదే, అవ్వండి. కానీ గెలిచే పార్టీ ఏదని అడిగే ముందు, నా జనం ఎక్కడున్నారని అడగండి. కాలువ నీళ్లు విశాఖకి వచ్చే రోజున జనం పండగ చేసుకుంటారు. ఆ రోజు కూడా మనం ఒక్కటే అడగాలి: ముంపు ఊళ్లలో ఆఖరి కుటుంబానికి ఇల్లు, భూమికి భూమి అందాయా?

ఇక్కడి నుంచి అడిగితే గట్టిగా వినిపిస్తుంది. ఎందుకంటే ఆ నీళ్లు తాగేది మనమే.

జోహార్ సున్నం రాజయ్య!