వరుస మార్చకండి మాస్టారూ

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



పది నిమిషాలిచ్చి, బడి జ్ఞాపకాలు చెప్పమన్నారు. నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. చాలా ఏళ్ళుగా వేసవిలో మన బడి కంప్యూటరు గదిలో కూర్చుని ఒక పని చేస్తున్నాను. దాని గురించి చెప్తాను.

ఇంటర్ అయిన పిల్లలకు హైస్కూల్లో ఏం పని అని మీకు అనిపించవచ్చు. ఇంజనీరింగ్ కౌన్సెలింగుకు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. లోకల్ ఎవరో, నాన్‌లోకల్ ఎవరో వాటిని బట్టే తేలుతుంది. అందుకని ర్యాంకులు రాగానే మన ఆఫీసు గది ముందు పిల్లలు బారులు తీరతారు. ఓ రోజు ఏదో పని మీద వచ్చి, ఆ వరుసలో ఉన్న కుర్రాడి కాగితాలు చూశాను. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్లో ఒక్క అక్షరమే ఉంది. ఆదాయ ధ్రువపత్రం గడువు దాటిపోయింది. వాళ్ళ నాన్నకు ఈ సంగతులేవీ తెలియవు. ఇప్పుడు వెళ్తే మీసేవలో పనవుతుంది, వెరిఫికేషన్ రోజున తెలిస్తే ఏం చేస్తారు? అలా మొదలైంది నా పని.

1986లో ఎంసెట్ వచ్చేటప్పటికి నా చదువు అయిపోవచ్చింది. తరవాత మా విద్యార్థులతో కౌన్సెలింగుకు వెళ్ళేవాణ్ణి. పొద్దున్నే బస్సెక్కడం, ర్యాంకు పిలిచేదాకా హాలు బయట పడిగాపులు, లోపల ఏ కాలేజీలో ఎన్ని సీట్లు మిగిలాయో చూసి అక్కడికక్కడే చెప్పెయ్యడం. అలసటే అయినా, ఏముందో ఏం లేదో కళ్ళముందు ఉండేది. ఇప్పుడు పరీక్ష పేరు ఈఏపీసెట్ అయింది, కౌన్సెలింగ్ ఇంట్లోంచే. అయితే ఏం మిగిలిందో కనబడదు. ఏం కావాలో ముందే వరుసగా రాసి ఇచ్చెయ్యాలి. వెబ్ ఆప్షన్లంటే ఇంతే.

ఈ వరుస దగ్గరే నేనొక తప్పు చేశాను. ఈ వేదిక మీద చెప్పాలా వద్దా అని నిన్నంతా ఆలోచించాను.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. మన బడిలో చదివిన అమ్మాయే. నాన్న దర్జీ. ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. కాకినాడ జేఎన్‌టీయూ క్యాంపస్ కాలేజీలో ఈసీఈ చదవాలని ఆశ. లిస్టు రాసుకొచ్చింది, దాంట్లో మొదటిది అదే. నేను కిందటేడు చివరి ర్యాంకులు చూసి, "అక్కడిదాకా రాదమ్మా, మొదటి ఆప్షన్ దండగ చేసుకోకు" అన్నాను. ఇంటి నుంచి బస్సులో వెళ్ళొచ్చే కాలేజీని మొదట పెట్టించి, కాకినాడను కిందికి దించాను. ఆ పిల్ల మారు మాట్లాడలేదు. మాస్టారు చెప్పారు కదా.

బస్సు కాలేజీ వచ్చింది. కొన్నాళ్ళకు ఆ ఏటి చివరి ర్యాంకులు బయటికొచ్చాయి. ఆడపిల్లలకు మూడో వంతు సీట్లుంటాయి కదా, వాళ్ళ కేటగిరీలో కాకినాడ సీటు ఈ అమ్మాయి ర్యాంకు దాటి ఇంకా కిందికి వెళ్ళింది. ఆ కాగితం తనే తెచ్చి చూపించింది. ఏడవలేదు. "మాస్టారూ, మొదట పెట్టుంటే వచ్చేది కదండీ?" అంది. అంతే. రెండో విడతలో మళ్ళీ పెట్టాం. అప్పటికి అక్కడ ఖాళీ లేదు.

ఇందులో కిటుకేమీ లేదు, నేనే బుర్ర పెట్టలేదు. కంప్యూటరు ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరి లిస్టూ తీసి పైనుంచి చదువుతుంది. మొదటిదాంట్లో సీటుంటే ఇస్తుంది, లేకపోతే రెండోదానికి వస్తుంది. మొదటిది రాలేదని రెండోదానికి ఏ నష్టమూ లేదు. రాదనుకున్నదాన్ని పైన పెడితే పోయేదేమీ లేదు. తప్పకుండా వచ్చేదాన్ని పైన పెడితే మాత్రం కంప్యూటరు అక్కడే ఆగిపోతుంది, ఇక కిందికి చూడదు. నలభై నిమిషాల పీరియడ్లో పిల్లలకు నేను చెప్పగలిగిన విషయమే. నేనే దాన్ని బస్సు సీటుకు రుమాలు వేసినట్టు అనుకున్నాను.

మూడేళ్ళ తరవాత వాళ్ళ తమ్ముడు లిస్టు పట్టుకొచ్చాడు. అక్క చేతిరాత. పైన ఎర్ర సిరాతో ఒక ముక్క రాసింది: "వరుస మార్చకండి మాస్టారూ." నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఆ అమ్మాయి ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం చేస్తోంది, బాగానే ఉంది. అయినా నా లెక్క తప్పు కాకుండా పోదు.

అప్పట్నుంచి నా పద్ధతి మారింది. పిల్లలు ముందు తెల్లకాగితం మీద కాలేజీ కోడు, బ్రాంచి కోడు రాసుకు రావాలి. నేను కోడ్లు సరిపోయాయా, ఆప్షన్లు మరీ తక్కువగా ఉన్నాయా అని చూస్తాను. ఫలానాది పైన ఎందుకు పెట్టావని అడుగుతాను. "నాన్న పెట్టమన్నారు" అంటే నాన్నను కూడా రమ్మంటాను. అక్కడ కాస్త వాదనలు జరుగుతాయి, జరగనిస్తాను. పోయినేడు ఒకాయన కొడుకును కంప్యూటర్ సైన్సే తీసుకోమని పట్టుబట్టాడు, వాడేమో సివిల్ అన్నాడు. ఆయనకు ఇల్లు కట్టిన మేస్త్రీ తెలుసు, ఇంజనీరు తెలియదు. గంట పట్టింది.

పాస్‌వర్డు సంగతి ఇంకా ముఖ్యం. కాలేజీల తరఫున ఊళ్ళు తిరిగేవాళ్ళు "మేమే ఆప్షన్లు పెట్టేస్తాం, ర్యాంకు కార్డు, పాస్‌వర్డు ఇవ్వండి" అంటారు. ఇచ్చారంటే వాళ్ళ కాలేజీ ఒక్కటే మొదట ఉంటుంది. నెట్ సెంటరువాడి ఫోను నెంబరు ఇస్తే ఓటీపీ వాడికే వెళ్తుంది. ఇంకొకటి, కంగారుపడి కౌన్సెలింగుకు ముందే అడ్వాన్సు కట్టి మేనేజ్‌మెంట్ కోటాలో చేర్చేస్తున్నారు. ఆ కోటాకు ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదు. ఈ ముక్క ముందు తెలియక నాలుగేళ్ళు వడ్డీ కట్టిన తండ్రి ఒకరు ఈ సభలోనే ఉన్నారు.

అందరూ ఇంజనీరింగుకే రారు. డిగ్రీ అడ్మిషన్లు కూడా ఆన్‌లైనే. పది పాసైనవాళ్ళకు పాలిసెట్ ఉంది, 2008లో మొదలైన నూజివీడు ట్రిపుల్ ఐటీ ఉంది. అందులో సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు, మనలాంటి సర్కారు బళ్ళ పిల్లలకు కొంత కలుపుతారు కూడా. ఆ సంగతి తెలియక దరఖాస్తే పెట్టనివాళ్ళు ఏటా కనబడుతున్నారు.

ఇప్పుడు నా కోరిక. సంఘం వారు స్వర్ణోత్సవానికి గేటు కట్టిస్తామన్నారు, కట్టించండి, బాగుంటుంది. కానీ ఆ కంప్యూటరు గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను, నా చూపు తగ్గుతోంది. ఆప్షన్ల వారంలో రోజుకిద్దరు వచ్చి కూర్చుంటే చాలు. దూరాన ఉన్నవాళ్ళు సాయంత్రం ఓ గంట ఫోను ఎత్తినా చాలు. పిల్లల ర్యాంకు మీ బ్రాంచికి దగ్గరగా ఉంటే, ఆ బ్రాంచి చదివితే రోజూ ఏం పని చెయ్యాల్సి వస్తుందో వాళ్ళకు చెప్పండి. అది నాకు తెలియదు, మీకు తెలుసు.

సభ అయ్యాక వరండాలో ఆ రిజిస్టరు పెట్టుకుని కూర్చుంటాను. పేరు, బ్యాచి, ఫోను నెంబరు రాయండి.