పుష్కరిణీ జలశుద్ధి – మన కర్తవ్యం

(ఆలయ జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక మహోత్సవాల సందర్భంగా జరిగిన భక్తసభలో చేసిన ప్రసంగ పాఠం)

  

గోపుర నిర్మాణాన్ని గురించి, విమాన సంప్రోక్షణను గురించి, ఆగమ విధులను గురించి నాకన్న పెద్దలు ప్రసంగించారు. నాకు అప్పగించిన అంశం కోనేటి నీరు. ఆలయానికి శిఖరం ఎంత ముఖ్యమో పుష్కరిణి అంత ముఖ్యం. మన పూర్వులు చెప్పిన సప్తసంతానాలలో దేవాలయంతోపాటు తటాకమూ ఒకటి. కడప మండలంలోని పోరుమామిళ్ల చెరువు వద్ద 1369వ సంవత్సరం నాటి శిలాశాసనం ఒకటి ఉన్నది. విజయనగర రాజకుమారుడైన భాస్కరుడు వేయించిన ఆ శాసనంలో మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ వివరించబడ్డాయి. అంటే మనవారికి చెరువు త్రవ్వించడం పుణ్యకార్యం మాత్రమే కాదు, శాస్త్రం కూడా. ఆ శాస్త్రదృష్టితోనే మన కోనేటిని చూడవలసిందిగా ప్రార్థన.

మీలో పలువురు ఒక ప్రశ్న అడుగుతున్నారు. “లక్షలు వెచ్చించి పూడిక తీయించాము, మెట్లు సరిచేయించాము. నీరు నింపిన కొద్ది నెలలకే పచ్చబడి, వాసన వేస్తే ఏమి ప్రయోజనం?” ఇది న్యాయమైన ప్రశ్న. నీటి తేటదనం కేవలం కంటికింపు కోసం కాదు. కలకనీటిలో అడుగు కనబడదు. పండుగనాడు వందలమంది స్నానం చేసేచోట ఒక పసిబిడ్డ మెట్టు జారి మునిగితే, పక్కనున్నవారికి కూడా తెలియదు. అందుచేతనే ఈతకొలనుల నిర్వహణలో అడుగు స్పష్టంగా కనబడకపోతే స్నానం నిలిపివేయాలన్న నియమం మొట్టమొదటిది. రెండవ కారణం ఆరోగ్యం. 2024, 2025 సంవత్సరాలలో కేరళ రాష్ట్రంలో అమీబా వల్ల కలిగే మెదడువాపు వ్యాధి పలువురికి సోకి, ప్రాణనష్టం సంభవించింది. ఈ వ్యాధిని కలిగించే సూక్ష్మజీవులలో ముఖ్యమైనది వెచ్చని, నిలువ ఉన్న మంచినీటిలో పెరిగి, మునక వేసేటప్పుడు ముక్కు ద్వారా మెదడును చేరుతుంది. తీర్థం త్రాగినందువల్ల ఈ జబ్బు రాదు, ముక్కులోకి నీరు పోయినందువల్ల వస్తుంది. ఇది అరుదైన వ్యాధే అయినా వచ్చిన తరువాత బ్రతికి బయటపడేవారు తక్కువ.

కలక మూడు విధాలు

వైద్యుడు జ్వరకారణం తెలుసుకోకుండా మందు ఇవ్వడు. నీటి విషయమూ అంతే. ఒక గాజుపాత్రలో కోనేటి నీరు పట్టి, ఒక రాత్రి కదల్చకుండా ఉంచండి. అడుగున మట్టి పేరుకుంటే అది బురద కలక. పచ్చదనం అట్లాగే నిలిచి ఉన్నా, పైకి తెట్టుగా తేలినా అది నాచు కలక. పాలవలె తెల్లగా ఉండి, కొద్దిగా నిమ్మరసం పిండగానే తేటపడితే అది సున్నపు కలక. మన ప్రాంతపు బోరునీటిలో సున్నపు పాలు ఎక్కువ. నీటిలో క్షారగుణం పెరిగినప్పుడు ఆ సున్నం కరిగి ఉండలేక పొడివలె విడిపోతుంది. బోరునీటిలో ఇనుము ఉంటే బ్లీచింగ్ పౌడరు వేసిన కొంతసేపటికి నీరు తుప్పు రంగుకు మారుతుంది. ఇది చూసి మరింత పౌడరు కుమ్మరించడం వ్యర్థం. ఆ తుప్పును తేర్చి వడపోయాలి.

పటిక, చిల్లగింజ

బురదనీరు దానంతట అదే ఎందుకు తేరదు? మట్టిరేణువులు మిక్కిలి సూక్ష్మమైనవి. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఉన్న రేణువు నిశ్చలమైన నీటిలో ఒక మీటరు లోతు దిగడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. అంతకన్న సన్నని రేణువులైతే సంవత్సరాలు గడచినా దిగవు. పైగా ప్రతి రేణువు మీదా రుణవిద్యుదావేశం ఉండడం వల్ల అవి ఒకదానినొకటి నెట్టుకుంటాయి, కలిసి బరువెక్కవు. ఇసుక వడపోత యంత్రంలో కూడా ఇంత సన్నని రేణువు జారిపోతుంది.

పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని శమింపజేస్తుంది. అప్పుడు రేణువులు ఒకదానినొకటి అంటుకొని, దూదిపింజల వంటి ముద్దలై అడుగుకు దిగుతాయి. మన నానమ్మలు బిందెలో చిల్లగింజ అరగదీసి వేయడంలోని రహస్యమూ ఇటువంటిదే. ఆ గింజలోని జిగురు పదార్థం రేణువులను బంధిస్తుంది. సంస్కృతంలో దానిని కతకమన్నారు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గళాధ్యాయంలో బావినీటిని శుద్ధి చేయడానికి తుంగముస్తెలు, వట్టివేళ్లు, ఉసిరిక మొదలైనవాటితోపాటు ఈ కతకఫలాన్ని కూడా కలిపి వేయమని విధించాడు.

పటిక ఎంత వేయాలన్నది ఊహించి చెప్పరాదు, పరీక్షించి తెలుసుకోవాలి. పది గ్రాముల పటికను ఒక లీటరు నీటిలో కరిగించండి. అయిదు సీసాలలో లీటరు చొప్పున కోనేటి నీరు తీసుకొని, వరుసగా 1, 2, 3, 4, 5 మిల్లీలీటర్ల ద్రావణం పోయండి. ఒక నిమిషం వేగంగా, పావుగంట మెల్లగా కలియబెట్టి అరగంట వదలండి. ఏ సీసాలో తక్కువ మందుతో నీరు బాగా తేరుతుందో అదే మీ మోతాదు. ఒక్కొక్క మిల్లీలీటరు ద్రావణం లీటరు నీటికి 10 మిల్లీగ్రాముల పటికతో సమానం. ఉదాహరణకు 30 మీటర్ల చదరమై, 2 మీటర్ల నీరున్న కోనేటిలో 18 లక్షల లీటర్లు ఉంటాయి. లీటరుకు 20 మిల్లీగ్రాములు అవసరమైతే 36 కిలోల పటిక పడుతుంది. పటిక నీటి క్షారబలాన్ని కొంత హరిస్తుంది గనుక, మోతాదు మించితే నీరు ఆమ్లగుణం పొందుతుంది. దిగిన మడ్డిని తోడివేయకపోతే ఒక్క వానకు, ఒక్క స్నానపు రద్దీకి అంతా తిరిగి కలకబారుతుంది. మడ్డి తీయకుండా పటిక వేయడం సగం పని మాత్రమే.

క్లోరిన్ ధర్మం

తేట నీరంతా శుద్ధమైన నీరు కాదు. సూక్ష్మజీవులను సంహరించడానికి క్లోరిన్ కావాలి. అయితే బురద, నాచు ఉన్న నీటిలో క్లోరిన్ వేస్తే అది వాటితోనే ఖర్చయిపోతుంది. కనుక ముందు తేర్చడం, తరువాత వడపోయడం, ఆపైన క్లోరిన్ వేయడం అన్నదే క్రమం.

క్లోరిన్ పనితీరు నీటి పి.హెచ్. మీద ఆధారపడుతుంది. పి.హెచ్. 6.5 వద్ద స్వేచ్ఛా క్లోరిన్‌లో నూటికి సుమారు 90 పాళ్లు చురుకైన రూపంలో ఉంటుంది. 7.5 వద్ద సగమే, 8.5 వద్ద దాదాపు పదోవంతే. బ్లీచింగ్ పౌడరు స్వయంగా క్షారగుణం కలది. అందుచేత పి.హెచ్. చూడకుండా దానిని కుమ్మరించేకొద్దీ దాని శక్తి సన్నగిల్లుతుంది, సున్నపు కలక పెరుగుతుంది. స్నానపు కొలనులో పి.హెచ్. 7.2 నుండి 7.8 వరకు, స్వేచ్ఛా క్లోరిన్ లీటరుకు 1 నుండి 3 మిల్లీగ్రాముల వరకు ఉండేటట్లు చూస్తారు. పైన చెప్పిన 18 లక్షల లీటర్లకు ఒక మిల్లీగ్రాము చొప్పున చేర్చాలంటే, 30 శాతం క్లోరిన్ గల బ్లీచింగ్ పౌడరు 6 కిలోలు కావాలి. ఎండ తగిలితే క్లోరిన్ త్వరగా నశిస్తుంది గనుక సాయంసంధ్య దాటిన తరువాత వేయడం మేలు.

ఈతకొలనులో ముక్కుపుటాలు అదిరే ఘాటు వస్తే క్లోరిన్ ఎక్కువైందని అనుకుంటాము. నిజానికి అది చెమట, మూత్రాదులతో క్లోరిన్ కలిసినందువల్ల పుట్టిన క్లోరమైన్ల వాసన. అంటే సాధారణంగా అక్కడ స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్ చాలలేదన్నమాట.

తెలియక ఒక మందుమీద మరొక మందు పోస్తే ఏమవుతుందో 2016 రియో ఒలింపిక్ క్రీడలు లోకానికి చూపాయి. అక్కడ డైవింగ్ కొలను రాత్రికి రాత్రే పచ్చబడింది. ఎనభై లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పొరపాటున కలిపినందువల్ల క్లోరిన్ విరిగిపోయి నాచు పెరిగిందని నిర్వాహకులు ప్రకటించారు. అన్ని వనరులున్నచోటనే అట్లా జరిగితే, మనమెంత జాగ్రత్తగా ఉండాలి!

మరొక హెచ్చరిక. బ్లీచింగ్ పౌడరును ఆమ్లంతో ఎన్నడూ కలపరాదు. ప్రాణాంతకమైన విషవాయువు వెలువడుతుంది. నూనె, నెయ్యి, కర్పూరం ఉంచే ఆలయ ఉగ్రాణంలో దానిని నిలువ చేయరాదు. నిప్పు రాజుకొనే ప్రమాదం ఉన్నది.

చేపలున్న కోనేరు

ఇక అసలు ధర్మసందేహానికి వద్దాము. మన కోనేటిలో చేపలున్నాయి. భక్తులు వాటికి మరమరాలు వేసి ఆనందిస్తారు. స్నానానికి కావలసిన క్లోరిన్‌లో పదోవంతు కూడా చేపలు తట్టుకోలేవు. ఈతకొలను వంటి నీలిరంగు నీరు కావాలి, చేపలూ కావాలి అనడం కుదరదు. రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి.

చేపలు బ్రతకవలసిన నీటికి ప్రాణవాయువే ప్రాణం. 30 డిగ్రీల వేడిమిగల నీరు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ప్రాణవాయువును మాత్రమే కరిగించుకోగలదు. మనం భక్తితో కోనేటిలో పోసే పాలను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు, లీటరు పాలకు ఇంచుమించు వంద గ్రాముల ప్రాణవాయువును హరిస్తాయి. లెక్క కట్టండి. ఒక్క లీటరు పాలు పదమూడు వేల లీటర్ల నీటిలోని ప్రాణవాయువును సంపూర్ణంగా హరించగలవు! కుళ్లిన పూలు, ప్రసాదం, సబ్బునురుగు నాచుకు ఎరువవుతాయి. దీపారాధన నూనె పొరగా పరచుకొని గాలిని అడ్డగిస్తుంది. నాచు పగలు ప్రాణవాయువును విడిచినా, రాత్రి తానే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచి ఆయాసపడతాయి, ఒక్కొక్కసారి తెల్లవారేసరికి తేలిపోతాయి. స్వామికి సమర్పించిన పాలు ఆయన కోనేటి జీవులకు మృత్యుహేతువు కావడం ఆయనకు ప్రీతికరమా? యోచించండి.

నా మనవి ఇది. పెద్ద కోనేటిని జీవజలంగా ఉంచుదాము. అందులో క్లోరిన్ వద్దు. పూడికతీత, నీటిని చిలికే ఫౌంటెన్లు, కట్టుదిట్టమైన నియమాలు చాలును. కొద్దిపాటి పచ్చదనం అక్కడ దోషం కాదు. భక్తుల స్నానానికి ఒక ప్రక్కగా చిన్న స్నానఘట్టం నిర్మించి, ఆ నీటిని వడపోసి, క్లోరిన్‌తో శుద్ధిచేసి, రోజూ పరీక్షించి, ఫలితాన్ని పలకమీద వ్రాసి ఉంచుదాము. అభిషేక జలం కోనేటిలో కలవకుండా వేరుగా కాలువ తీసి, పూలతోటకు మళ్లించుదాము.

తిరుమలలో శ్రీవారి పుష్కరిణిని ఏటేటా బ్రహ్మోత్సవాలకు ముందు ఇంచుమించు ఒక నెలపాటు మూసివేసి, నీరు తీసి, శుభ్రపరచి, మరమ్మతులు చేస్తారు. ఆ నెలరోజులు పుష్కరిణి హారతి కూడా నిలుపుతారు. అంతటి క్షేత్రమే శుద్ధికోసం హారతిని ఆపగలిగినప్పుడు, మనమూ ఏడాదికి కొన్ని రోజులు కోనేటిని విశ్రమింపజేయవచ్చు.

దాతలకు విన్నపం

గోపురానికి విరాళమిచ్చిన వారి పేరు శిలాఫలకం మీద నిలుస్తుంది. నీటి పరీక్షకు, పంపుల కరెంటుకు, మడ్డి తోడే కూలీకి ఇచ్చిన విరాళానికి ఫలకం ఉండదు. అది ప్రతి ఉదయమూ కరిగిపోయే దానం. అయినా కోనేరు బ్రతికేది ఆ దానం వల్లనే. నిర్మాణం ఒక్కనాటి ఉత్సవం, నిర్వహణ నిత్యసేవ. కనుక సేకరించిన విరాళాలలో కొంత భాగాన్ని పుష్కరిణీ సంరక్షణకు శాశ్వతనిధిగా బ్యాంకులో ఉంచి, దాని వడ్డీతో ఈ సేవ సాగించవలసిందని ధర్మకర్తల మండలి వారిని అభ్యర్థిస్తున్నాను.

భక్తులు చేయవలసినవి స్వల్పం. మునకకు ముందు కుళాయి క్రింద కాళ్లూ ఒళ్లూ కడుగుకోండి. సబ్బు, షాంపూ గట్టుమీదనే విడవండి. పాలు, ప్రసాదం, ప్లాస్టిక్ సంచి నీటిలో వేయకండి. మునిగేటప్పుడు ముక్కు మూసుకోండి. పసివారిని చేయి విడవకండి. చేపలకు పిడికెడు మరమరాలు చాలును.

కుంభాభిషేకంనాడు పుణ్యనదీ జలాలను కలశాలలో తెచ్చి శిఖరంమీద అభిషేకిస్తాము. ఆ నీటిని ఎంత శ్రద్ధతో వడగట్టి, వస్త్రం కప్పి, శిరసుమీద మోస్తామో మనకు తెలుసు. ఆ శ్రద్ధలో కొంత కోనేటి నీటికి కూడా దక్కితే, రాబోయే తరం ఈ మెట్లు దిగినప్పుడు తన నీడను నీటిలో స్పష్టంగా చూసుకోగలుగుతుంది. స్వామివారి అనుగ్రహం మీ అందరికీ సంపూర్ణంగా కలుగుగాక!

స్వస్తి.