కొండ దిగి సముద్రం దాకా వెళ్లే పిల్లలతో



మాకు ఇచ్చిన అంశం ‘యువత – సంస్కృతి’. ఈ అంశం మీద ఏడాదికి మూడు నాలుగు సభలు జరుగుతాయి. అన్నింటిలోనూ సంస్కృతిని కాపాడుకోవాలని చెబుతారు, మీరు చప్పట్లు కొడతారు, తర్వాత అందరం భోజనాలకు వెళ్తాం. అందుకే ఈసారి మేము విశాఖపట్నం గురించి మాట్లాడదామనుకున్నాం. వేసవిలో మీలో సగం మంది ఉండేది అక్కడే కదా.

ఏప్రిల్ చివర్లో హాస్టళ్లకు తాళాలు పడతాయి. మళ్లీ తలుపులు తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. ఈ నెలన్నర రోజుల్లో పిల్లలు ఎక్కడున్నారో మాకు తెలియదు. జీడి తోటల్లో ఉంటారు, అమ్మతో పాటు సంతకు వెళ్తారు. కాస్త పెద్దవాళ్లు బస్సెక్కి పట్నం పోతారు. కేటరింగ్‌లో వడ్డించడానికి, స్టేజీకి లైట్లు కట్టడానికి, పార్కింగ్ దగ్గర విజిల్ ఊదడానికి మనిషి కావాలంటే ఎవరో ఒక అన్న ఫోన్ చేస్తాడు. జూన్‌లో హాజరు పిలిచినప్పుడు కొన్ని పేర్లకు జవాబు రాదు. మేము ఈ మాటలన్నీ చెబుతున్నది ఆ పేర్ల కోసమే.

పట్నం వద్దు అని మేము అనం. సాయంత్రం ఆర్కే బీచ్‌లో గాలి పీల్చుకుంటూ మురీ మిక్చర్ తినడంలో తప్పేముంది? కురుసుర జలాంతర్గామిలోకి దిగి చూడండి. నీటి కింద మనుషులు అంత ఇరుకులో ఎలా బతికారో చూస్తే, మన హాస్టల్ గదుల మీద మీరిచ్చే కంప్లయింట్లు కొన్ని తగ్గుతాయి. కళాభారతిలో కచేరీ, గురజాడ కళాక్షేత్రంలో నాటకం ఉంటే వెళ్లి కూర్చోండి. పీఎం పాలెం స్టేడియంలో 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టాడు, అప్పటికి మీలో చాలామంది పుట్టలేదు. ఇప్పుడు అదే మైదానంలో ఐపీఎల్ మ్యాచ్‌లు కూడా చూశాం. టికెట్ డబ్బులుంటే వెళ్లండి. లేకపోతే టీవీలో ఇంకా బాగా కనిపిస్తుంది.

కానీ ఒక సంగతి. వేసవి ఉత్సవాలు పట్నంలోనే ఉంటాయని, మనం చూడడానికి వెళ్తామని మీరు అనుకుంటున్నారు. మన లెక్క వేరు. చైత్రం వస్తే ఇటుకల పండగ, కొన్ని ఊళ్లలో ఇటెజ్ పొరోబ్ అంటాం. విత్తనాలకు పూజ చేస్తాం, మగవాళ్లు వేటకు వెళ్తారు, ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే బండ్లను ఆపి డబ్బులు అడుగుతారు. రాత్రంతా థింసా. మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతర. మూడు రోజులు పాడేరులో కాలు పెట్టడానికి చోటుండదు. రాత్రి తెల్లవార్లూ ఆడటం, పాడటం పట్నం వాళ్లు మనకు నేర్పిన విద్య కాదు. వాళ్లకు ‘నైట్ లైఫ్’ అన్న మాట రాకముందే మనకు వెన్నెల ఉంది, గ్రామం మధ్య ఖాళీ స్థలం ఉంది, తుడుము ఉంది.

ఇప్పుడు ఆ తుడుమును పట్నం పిలుస్తోంది. ఉత్సవం అన్నా, సదస్సు అన్నా, మంత్రిగారు వస్తున్నా, హోటల్లో అతిథులున్నా థింసా బృందం కావాలి. సంతోషమే. మన అత్తలు, వదినలు ఆ రెండు మూడు వేల కోసం పొలం పని వదులుకుని వెళ్తారు. వెళ్లాక ఏం జరుగుతుందో మేము దగ్గరగా చూశాం. మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నారు. స్టేజీ ఎక్కించింది రాత్రి పది దాటాక. చీర మార్చుకోవడానికి గది లేదు, బస్సు చాటున మార్చుకున్నారు. ఐదు నిమిషాల్లో ముగించమన్నారు. మైకులో ‘ఇప్పుడు గిరిజన నృత్యం’ అన్నారు. ఏ తెగ, ఏ ఊరు, ఎవరి పేరూ లేదు. ఆ నిర్వాహకులు చెడ్డవాళ్లనుకోం. వాళ్లకు ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు.

థింసా అంటే ఒకటే ఆట అనుకునేవాళ్లు మనలోనూ తయారయ్యారు. గ్రామదేవతను కొలిచేది బోడ థింసా. ఆకులు ఏరుతున్నట్టు ఆడేది పోతర్ తోలా. పులి వచ్చినట్టు ఆడేది బాగ్ థింసా. అమ్మవారు పూనినప్పుడు గణాచారి ఆడేది బాయ థింసా. గుండేరి, గొడ్డి బేట, నాటికారి, కుండ అని ఇంకా ఉన్నాయి. వాయించేవాళ్లకు మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు ఉండాలి. మీ ఊళ్లో ఈ ఐదింట్లో ఎన్ని మిగిలాయో ఇంటికి వెళ్లాక లెక్కపెట్టండి. మోరి ఊదే ముసలాయన చనిపోతే, ఆ ఊళ్లో ఆ తర్వాత బ్లూటూత్ స్పీకరే.

ఇంకో విషయం ఉంది. థింసా గుండ్రంగా ఆడతారు, ఒకరి వీపు మీదుగా ఒకరు చేతులు వేసుకుని. స్టేజీ మీదికి వెళ్లగానే కెమెరాకు ముఖాలు కనబడాలని ఆ వలయాన్ని విప్పి గీతలాగా నిలబెడతారు. గీతలో నిలబడితే అది ప్రేక్షకుల కోసం ఆడే ఆట అవుతుంది. వలయంలో ఆడేది ఒకరి కోసం ఒకరు. ఈ తేడా మీకు ఒంటికి తెలుసు, కాబట్టి మాటల్లో చెప్పగలగాలి. ‘సార్, స్టేజీ కింద ఇసుకలో ఆడతాం, జనం చుట్టూ నిలబడతారు’ అని అడిగి చూడండి. అడిగిన ఒక చోట ఒప్పుకున్నారు. ఆ రోజు బీచ్‌లో జనం కూడా వచ్చి చేతులు కలిపారు. మా బృందంలో ముసలమ్మ ఒకావిడ, ‘ఈ ఇసుకలో అడుగు కదలదే తల్లీ’ అని నవ్వింది గానీ, అందరికన్నా ఎక్కువసేపు ఆడింది ఆవిడే.

మీరు చదువుకున్నవాళ్లు. బృందం తరఫున ఫోన్ మాట్లాడే పని మీరు తీసుకోండి. పిలిచిన వాళ్లతో వాట్సాప్‌లో అయినా సరే రాతలో పెట్టించుకోండి. ఎంతమంది వస్తున్నారు, మనిషికి ఎంత, దారిఖర్చు ఎవరిది, ఎన్ని గంటలకు ఎక్కిస్తారు, తిండి, మంచినీళ్లు, చీర మార్చుకునే గది, రాత్రి పడుకునే చోటు, మైకులో తెగ పేరు, ఊరి పేరు చెప్పాలి. డబ్బు బృందంలో ఒకరి ఖాతాలో పడాలి, మధ్యవర్తి చేతిలో కాదు. ఇదంతా అడిగితే పిలవరేమో అని భయపడకండి. విశాఖలో ఏ గాయకుడూ అడ్వాన్సు లేకుండా మైకు పట్టుకోడు, మన అత్త ఎందుకు పట్టుకోవాలి?

చిన్న విషయమే గానీ చెప్పాలి. సముద్రం గాలికి తోలు మెత్తబడుతుంది. డప్పు మోగదు. ఊళ్లో అయితే మంట దగ్గర కాస్తాం, అక్కడ స్టేజీ వెనక నిప్పు పెట్టనివ్వరు. మధ్యాహ్నం ఎండలో బాగా కాచి, గుడ్డలో చుట్టి ఉంచి, ఎక్కేముందే బయటకు తీయండి.

ఆటల సంగతి. వేసవిలో జిల్లాల్లో శిక్షణ శిబిరాలు పెడతారు. పరుగు, కబడ్డీ, వాలీబాల్, విలువిద్య. మన పిల్లలు దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు. బోనఫైడ్ సర్టిఫికెట్, ఆధార్, ఫొటోలు మార్చిలోనే తీసిపెట్టుకోండి. సెలవులిచ్చాక మా సంతకం కోసం తిరగకండి, మేము కూడా ఊళ్లో ఉండం. జ్యోతి యర్రాజీది విశాఖపట్నమే. తండ్రి సెక్యూరిటీ గార్డుగా చేశాడు. హైదరాబాద్ వెళ్లి శిక్షణ తీసుకుని, 2023లో ఆసియా అథ్లెటిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పరిగెత్తింది. మన పాడేరు ఏజెన్సీ అమ్మాయి పాంగి కరుణకుమారి 2025లో అంధ మహిళల టీ20 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. రోజూ కొండ ఎక్కి దిగే మన కాళ్లకు ఊపిరి ఉంది. కొలత పెట్టి, గడియారం పట్టుకుని చెప్పేవాళ్లు కావాలి, అంతే.

ఇప్పుడు భయపెట్టే మాటలు రెండు. సముద్రం ముందు చెబుతాం.

మన గెడ్డల్లో, గోస్తనిలో ఈదినవాడు సముద్రంలోనూ ఈదగలననుకుంటాడు. గెడ్డ ఒకవైపే పోతుంది. సముద్రం ఒడ్డుకు నీళ్లు తెచ్చి, ఆ నీళ్లనే ఒక సందు చేసుకుని లోపలికి లాక్కుపోతుంది. రెండు వైపులా కెరటాలు విరుగుతూ, మధ్యలో ఒకచోట నీరు నిమ్మళంగా, కాస్త నల్లగా కనబడితే అక్కడే దిగబుద్ధవుతుంది. లాగేది చాలాసార్లు అక్కడే. లాగుతుంటే ఒడ్డు వైపు ఎదురు ఈదకండి, అలసిపోతారు. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు కదలండి. లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి. స్నేహితుడు కొట్టుకుపోతుంటే ఈత రానివాళ్లు వెనక దూకకండి, కేకలు వేసి జాలర్లను, గార్డులను పిలవండి, తేలేది ఏదైనా విసరండి. చీకటి పడ్డాక మోకాలి లోతుకు కూడా వద్దు. పుట్టినరోజు కేకు ఇసుకలో కోసుకోండి.

రెండోది గంజాయి. ఈ మాట ఎత్తితే మన ఊరి పరువు పోతుందని పెద్దలు కొందరు అంటారు. ఎత్తకపోతే పిల్లలు పోతున్నారు.

పట్నంలో రాత్రి పార్టీకి పొట్లం కావాలి. ఆ పొట్లం కొండ మీద నుంచి దిగాలి. దింపడానికి దారి తెలిసిన, బస్సులో ఎవరూ అనుమానించని, డబ్బు అవసరమున్న కుర్రాడు కావాలి. ‘ఈ బ్యాగు కాంప్లెక్స్‌లో ఇచ్చెయ్ తమ్ముడూ, చార్జీలు పోను మిగిలింది నీకే’ అంటారు. చట్టం ఎలా ఉందో వినండి. ఎన్‌డీపీఎస్ చట్టం, 1985లో వచ్చింది. గంజాయి కిలో లోపు దొరికితే ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. కిలో దాటి 20 కిలోల లోపైతే పదేళ్ల దాకా. 20 కిలోలు దాటితే తక్కువలో తక్కువ పదేళ్లు, ఇరవై ఏళ్ల దాకా, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. ఆ కేసులో బెయిలు దొరకడం చాలా కష్టం. ‘బ్యాగులో ఏముందో నాకు తెలీదు’ అంటే సరిపోదు, తెలీదని నిరూపించుకోవాల్సింది మీరే.

ఇప్పుడు చూడండి. పార్టీలో పీల్చినవాడి దగ్గర దొరికేది గ్రాములు. మన కుర్రాడి దగ్గర దొరికేది కిలోలు. పంపినవాడి పేరు కుర్రాడికి తెలియదు, ఫోన్ నంబరు అప్పటికే స్విచాఫ్. ఇరవై ఏళ్ల పిల్లవాడు బయటకు వచ్చేసరికి చెల్లెలికి పిల్లలుంటారు. విచారణ రోజున అమ్మ తొలి బస్సెక్కి, భాష సరిగా రాక, కోర్టు వరండాలో కూర్చుని ఉంటుంది. ఈ వరండాలు మేము చూశాం. ఎవరైనా బ్యాగు ఇస్తే తీసుకోకండి. బెదిరిస్తే 1972కు ఫోన్ చేయండి, మాకైనా చేయండి, అర్ధరాత్రి అయినా ఎత్తుతాం. చిన్న పిల్లల్ని పనికి తీసుకుపోతుంటే 1098. ఆడపిల్లలకు ఏ ఇబ్బంది వచ్చినా 112.

పనికి వెళ్లేవాళ్లు, పద్దెనిమిది నిండినవాళ్లే వెళ్లండి. యజమాని పేరు, స్థలం, ఎన్ని రోజులో ఇంట్లో ఒక కాగితం మీద రాసి పెట్టండి. రాత్రి కార్యక్రమం ముగిసేసరికి మన ఘాట్‌కు బస్సు ఉండదు, పడుకునే చోటు ముందే అడగండి. జీతం రోజువారీగా తీసుకోండి. జూన్ 12కు ముందు వెనక్కి వచ్చెయ్యండి. ‘ఇంకో పది రోజులు ఉండు, సీజన్ ఉంది’ అని అంటారు. వాళ్లకు సీజన్ ఎప్పుడూ ఉంటుంది. మీకు ఇంటర్ సీటు ఒక్కసారే ఉంటుంది.

సంఘం వాళ్లతో ఒక మాట అనుకున్నాం. వచ్చే ఆదివారం నుంచి సాయంత్రం నాలుగింటికి ఈ మైదానంలోనే మోరి, కిరిడి నేర్పిస్తారు. నేర్పే పెద్దాయనకు తెలుగు కన్నా ఒడియానే బాగా వచ్చు, కాబట్టి ఆ భాష వచ్చినవాళ్లు ముందు వరసలో కూర్చోండి. సొంత మోరి ఉన్నవాళ్లు తెచ్చుకోండి. లేనివాళ్లకు ప్రస్తుతానికి రెండే ఉన్నాయి, వంతుల వారీగా ఊదాలి. టీ సంఘం వాళ్లది, గ్లాసు మీదే.