చలివేళ కెమెరా పట్టిన చేయి

భద్రాచలములో ముక్కోటి ఏకాదశికి ముందునాటి సాయంకాలము గోదావరిపై తెప్పోత్సవము జరుగును. మఱునాటి వేకువనే ఉత్తరద్వార దర్శనము. ధనుర్మాసపు చలి, నదిమీది గాలి, కురియు మంచు - ఈ మూడింటి నడుమ వేలకొలది జనులు ద్వారము తెఱచు క్షణమునకై నిలిచియుందురు. ఆ సమూహములో కెమెరాలు మెడను వేసికొన్న మావంటి వారును కొందఱుందురు. భక్తుల చేతులు జోడింపబడి యుండును గనుక ఒకదాని నొకటి కాచుకొనును. మా చేతులు మాత్రము చల్లని లోహమును పట్టుకొని యుండును.

ఖమ్మము సీమలో చలి యెక్కడిదని శ్రోతలలో కొందఱు నవ్వవచ్చును. కొత్తగూడెము అనగానే బొగ్గుగనులును, రోహిణికార్తె ఎండలును జ్ఞప్తికి వచ్చుట సహజమే. కాని పాల్వంచ దాటి కిన్నెరసాని అడవిలోనికి గాని, గోదావరి దాటి దుమ్ముగూడెము, చర్ల దారులలోనికి గాని పుష్యమాసపు వేకువను వెళ్లినవారు నవ్వరు. అచ్చట ఉష్ణోగ్రత 15 డిగ్రీల లోపునకు దిగుట సామాన్యము. ఒక్కొక్క యేట 10 డిగ్రీల చేరువకు వచ్చును. హిమాలయములతో పోల్చిన నిది చలియే కాదు. అయినను ఎండకు అలవాటుపడి, పలుచని బట్టలతో బయలుదేరిన మనకు ఇదియే చాలును.

ఇందుకు మా అనుభవమే సాక్ష్యము. కొన్నేండ్ల క్రిందట, సంక్రాంతి సెలవులు ముగిసిన మఱునాడు, చర్ల దారిలోని ఒక కోయగూడెమునకు వెళ్లితిమి. ఒక అవ్వ తన మనుమరాలితో బస్సుకై నిలిచియుండెను. ఆ బిడ్డ ఆశ్రమ పాఠశాలకు తిరిగి పోవుచున్నది. "మా ఇద్దరిదీ ఒక్క ఫోటో తియ్యయ్యా" అని అవ్వ అడిగినది. మేమంతకు ముందే రెండు గంటలు వాగు ఒడ్డున తిరిగి, మంచుతో తడిసిన గడ్డి తగిలిన చేతులతో వచ్చియుంటిమి. కెమెరా మీట త్రిప్పబోవగా వ్రేళ్లు మాట వినలేదు. అవ్వ బిడ్డ భుజముపై చేయి వైచి కదలక నిలిచినది. అంతలో బస్సు వచ్చెను. తొందరలో నొక్కితిమి, చేయి వణకెను. చిత్రములో అవ్వ చీర తెలియుచున్నది గాని, బిడ్డ మొగము మసకబారిపోయినది. మాటయిచ్చితిమి గనుక దానినే పంపితిమి.

ఆ తప్పు కెమెరాది కాదు, చేతిదియు కాదు; చేయి యెట్లు చల్లబడునో తెలిసికొనని మాది.

శరీరమునకు చలి సోకినప్పుడు, గుండె, మెదడు మొదలగు ముఖ్యావయవముల వేడిని నిలుపుటకై, చేతివ్రేళ్లలోని రక్తనాళములు సన్నబడును. కావున వ్రేళ్ల చలికి మూలము తఱచుగా వ్రేళ్లలో నుండదు. కప్పని తలలో, చెవులలో, గాలి దూఱిన ఛాతిలో నుండును. మఱియు వ్రేళ్లను ఆడించు కండరములు చాలవఱకు ముంజేతిలో నున్నవి. ముంజేయి చల్లబడినచో వ్రేళ్లు మొద్దుబాఱును. వ్రేళ్ల చర్మపు వేడి సుమారు 15 డిగ్రీల లోపునకు దిగినప్పుడు వాని నేర్పు తగ్గునని శాస్త్రజ్ఞులు పరీక్షించి చెప్పియున్నారు. నీరు గాలికన్న ఇరువది రెట్లకు మించిన వేగముతో వేడిని హరించును గనుక, తడిచేయి ఆ స్థితికి మఱింత త్వరగా చేరును. లోహమును అంతే, ఒకే చలిలోనున్న కెమెరా కొయ్యకన్న చల్లగా తోచుటకు అది మన చేతివేడిని వడిగా లాగికొనుటయే కారణము.

కారణము తెలిసిన పిమ్మట ఉపాయము కష్టము కాదు. మొదట తలకు, చెవులకు మఫ్లరు చుట్టవలెను. ఛాతికి ఉన్నిబట్ట వేయవలెను. పాత ఉన్ని మేజోడు పాదభాగమును కత్తిరించి ముంజేతికి తొడిగిన చాలును. చేతికి పలుచని తొడుగు, దానిపై దళసరి తొడుగు ఉండవలెను. చిత్రము తీయునప్పుడు పై తొడుగును మాత్రమే తీయవచ్చును. సెల్‌ఫోనుతో తీయువారికి ఒక చిక్కు కలదు. దాని అద్దము సామాన్యమైన తొడుగును గుర్తింపదు. అట్టివారు బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి మాత్రము కొన విడిచి కుట్టించుకొనవలెను. జేబులో పొడి తువ్వాలు తప్పక యుండవలెను. ముక్కాలిపీట కాళ్లకు గుడ్డగాని, పాత సైకిలు ట్యూబుగాని చుట్టినచో పట్టుకొనుటకు హాయిగా నుండును.

మన ఇండ్లలో నొప్పులకు వేడి ఉప్పుతో కాపడము పెట్టుట కలదు. అదే పద్ధతిని జేబులోనికి తేవచ్చును. అయితే కెమెరా దగ్గఱ ఉప్పు తగదు. అది తేమను లాగి లోహమును తినివేయును. గుప్పెడు బియ్యమును మూకుడులో వేడిచేసి, దళసరి గుడ్డలో రెండు మడతలుగా కట్టి, మణికట్టుకు తాకించి చూచుకొని, కోటుజేబులో వేసికొనవలెను. చాలసేపు అది గోరువెచ్చగా నుండును. ఇప్పుడు దుకాణములలో దొరకు వేడి పొట్లములలో పలువాటియందు ఇనుపపొడి యుండును. గాలి తగిలి ఇనుము తుప్పు పట్టునప్పుడు పుట్టు వేడియే అందలి రహస్యము.

గూడెములో నెగడు చూడగానే చేతులు అందులోనికే చాపబుద్ధి యగును. తిమ్మిరెక్కిన వ్రేలికి కాలుట తెలియదు గనుక కొంత ఎడముగా కూర్చుండవలెను. ఇప్పసారా చలిని పోగొట్టునందురు. అది చర్మమునకు వెచ్చదన మిచ్చినట్లు తోపించి, లోపలి వేడిని బయటికి పంపివేయును. బీడీయు నంతే, పొగాకులోని నికోటిన్ వ్రేళ్ల రక్తనాళములను మఱింత బిగించును. తునికాకు ఈ అడవిబిడ్డలకు వేసవిలో నాలుగు డబ్బులు తెచ్చును గాని, చలిలో వ్రేళ్లకు వేడి తేదు.

ఇంతకన్న ఘోరమైన చలిలో చిత్రములు తీసినవారి యెడ మనము నేర్చుకొనవలసినది కలదు. 1953 మే 29వ తేదీన ఎవరెస్టు శిఖరముపై టెన్జింగ్ చిత్రమును తీసిన హిల్లరీ, కెమెరాను చొక్కాలోపల, ఒంటికి తగులునట్లు దాచి తీసికొనిపోయెను. చేతులకు పట్టు, ఉన్ని, గాలి చొఱని బట్ట - మూడు వరుసల తొడుగులు. 2014 మే 25న అదే శిఖరమును నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణయు, మన ఖమ్మము జిల్లా విద్యార్థి ఆనందకుమారును అధిరోహించిరి. ఎండల సీమలో పుట్టిన పిల్లలు తగిన సన్నాహముతో అంతటి చలిని గెలిచిరి. మన వేకువచలికి అందులో నూఱవవంతు సన్నాహము చాలును.

కెమెరాకును చలి కలదు. చలిలో బ్యాటరీల శక్తి త్వరగా తగ్గినట్లగును. అదనపు బ్యాటరీని లోపలి జేబులో నుంచవలెను. చల్లని కెమెరాను పొయ్యి వెలుగుచున్న గుడిసెలోనికి తెచ్చినచో కటకముపై నీరు పట్టును. సంచిలో మూసి కొంతసేపు విడిచి తరువాత తీయవలెను. అన్నిటికన్న ముఖ్యముగా, మీటలు త్రిప్పుట మొదలగు పనులన్నియు చేతులు వెచ్చగా నున్నప్పుడే ముగించుకొనవలెను. మన ఎదుట నిలుచువారు మనకొఱకు చలిలో నిలిచియున్నారు. వారి ఓపికను మన వ్రేళ్ల తడబాటుపై వ్యయము చేయుట మర్యాద కాదు.

మఱుసటి సంక్రాంతికి ఆ గూడెమునకు మరల వెళ్లితిమి. ఆ మసక చిత్రమును అవ్వ గోడకు అంటించి యుంచినది. బిడ్డ జానెడు పొడవు పెరిగినది. ఈసారి బియ్యపుమూట జేబులో నుండెను. బస్సు వచ్చుటకు ముందే రెండు చిత్రములు తీసితిమి. రెండింటను బిడ్డ కన్నులు స్పష్టముగా వచ్చినవి. అటు తరువాత చూచినప్పుడు గోడపై రెండు చిత్రములున్నవి. అవ్వ పాతదానిని తీసివేయలేదు. దాని ప్రక్కనే క్రొత్తదానిని అంటించినది.