సొంత పాట – సొంత పూచీ

(యువజన కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతాబ్ది సంవత్సరంలో యువజనులతో పాటను గూర్చి మాట్లాడమని నన్ను కోరారు. పాట మహిమను గూర్చి ఈ వేదిక మీద పెద్దలు అనేకసార్లు చెప్పారు. నేను దాని శ్రమను, ఖర్చును, లెక్కను గూర్చి చెప్పదలచాను. నేడు మన పిల్లలు నలుగురు కలిస్తే చాలు, ఒక గిటారు, ఒక కీబోర్డు సమకూర్చుకొని, బృందానికి ఒక పేరు పెట్టుకొని, ఏ కంపెనీ ఆసరా లేకుండా తామే పాట కట్టి, తామే రికార్డు చేసి, తామే నలుగురికి వినిపించాలని బయలుదేరుతున్నారు. ఇది మంచి కోరిక. కాని దాని వెంట కొన్ని ఇళ్లలోకి అప్పు కూడా ప్రవేశిస్తున్నది. స్టూడియో అద్దె, వీడియో, డ్రోను కెమెరా అంటూ తల్లి మెడలోని గొలుసు తాకట్టుకు పోతే, ఆ పాటను ఆ తల్లి ఏ మనసుతో వింటుంది?

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకోవాలని ప్రభువు నేర్పిన సంగతి మీకు తెలుసు. పాటకూ అదే నియమం. సొంతంగా చేయడమంటే ఇతరులు చేసే పనులన్నీ మన నెత్తిన వేసుకోవడమే. దీనికి ఒక మనిషి చరిత్ర చెప్పి, తరువాత మన సంగతికి వస్తాను.

అమెరికాలో థామస్ డార్సీ అనే నల్లజాతి సంగీతకారుడు ఉండేవాడు. 1899లో జార్జియా రాష్ట్రంలో ఒక బోధకుని ఇంట పుట్టాడు. చికాగో నగరానికి చేరి బ్లూస్ పాటలకు పియానో వాయించి బ్రతికాడు. 1926 ప్రాంతంలో భక్తి పాట ఒకటి రాసి, తానే అచ్చు వేయించి, 5 డాలర్లు అప్పు తెచ్చి, 500 ప్రతులను దేశంలోని సంఘాలకు తపాలాలో పంపాడు. ఆయన చేసిన అప్పు 5 డాలర్లేనని దయచేసి గమనించండి. ఒక్క ఆర్డరు రావడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. ఈ లోపల ఆయన మళ్లీ బ్లూస్ పాటలకు పియానో వాయించాడు. 

1930లో చికాగోలో జరిగిన బాప్టిస్టుల మహాసభలో ఆ పాటను ఒకరు పాడగా విన్నవారు ప్రతుల కోసం వచ్చారు. అవి వేలకొలదిగా అమ్ముడుపోయాయి. నాలుగేళ్లు తపాలా చేయలేని పనిని ఒక గొంతు ఒక్క సభలో చేసింది. కాగితం మీద ఉన్న పాట పాట కాదు. ఎవరో ఒకరు పాడి వినిపిస్తేనే అది ఇంకొకరి నోటికి ఎక్కుతుంది. డార్సీ ఈ సంగతి గ్రహించి, పాడేవారిని వెంటబెట్టుకొని సంఘం వెంట సంఘం తిరిగాడు. తరువాత లోకప్రసిద్ధి పొందిన మహాలియా జాక్సన్ కూడా ఆయన పాటలు వీధి మూలల్లో నిలబడి పాడింది. అనేక పెద్ద సంఘాలు ఇది నాట్యశాలల సంగీతమని తలుపులు మూశాయి. అయినా ఆయన 1932లో సొంత ప్రచురణ సంస్థ పెట్టుకున్నాడు. ఆ ఏడే ఊరు వెళ్లి ఉండగా భార్య ప్రసవంలో మరణించింది, బిడ్డ కూడా దక్కలేదు. ఆ దుఃఖంలో నుండి వచ్చిన పాటే తన చెయ్యి పట్టుకొమ్మని ప్రభువును వేడుకొనే పాట. అది నేటికీ ప్రపంచమంతటా పాడబడుతున్నది.

ఈ చరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన వ్యక్తి డార్సీ కాదు, సాలీ మార్టిన్ అనే స్త్రీ. ఆమె ఆయన బృందంలో పాడడానికి వచ్చింది. వచ్చి చూస్తే పాటలు బాగున్నాయి గాని డబ్బుకు లెక్క లేదు. ఆమె పద్దు రాయడం మొదలుపెట్టి, అమ్మకాలు చక్కబెట్టి, ఊరూరా తిరిగి గాయక బృందాలను నిలబెట్టింది. 1940లో విడిపోయి తానే ఒక ప్రచురణ సంస్థకు భాగస్వామి అయింది. పాట కట్టేవాడు ఒకడు, పాడేవారు ఇద్దరు ఉన్నచోట పద్దు రాసేవారు ఒకరు లేకపోతే ఆ బృందం నిలువదు.

ఇక మన సంగతి. మొదటిది, రికార్డింగుకు తొందరపడకండి. వారంలో ఒక రోజు, ఒక వేళ నియమించుకొని సాధన చేయండి. ముప్పై పాటలు సగం సగం రావడం కంటే మూడు పాటలు పూర్తిగా రావడం మేలు. ఆ మూడింటినీ కూటములలో, పెళ్లిళ్లలో, ఇంటి ప్రార్థనలలో పది సార్లు పాడండి. ఏ చరణం దగ్గర జనం గొంతు కలుపుతున్నారో, ఎక్కడ దిక్కులు చూస్తున్నారో మీకే తెలుస్తుంది. ఆ మరమ్మతు అయిన తరువాతే మైకు ముందుకు వెళ్లండి.

రెండవది, ఉన్నదానితో చేయండి. ఒక మంచి మైకు, దానిని కంప్యూటరుకు కలిపే ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, చెవులకు హెడ్‌ఫోను ఉంటే మొదలుపెట్టవచ్చు. ఆడాసిటీ వంటి రికార్డింగు సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. పరుపులు, బట్టల బీరువా ఉన్న గది చూడండి. గోడలకు దుప్పట్లు కడితే ప్రతిధ్వని తగ్గుతుంది. ఫ్యాను ఆపండి, మైకుకు జానెడు దూరంలో పాడండి. ముందు తాళానికి ఒక క్లిక్కు పెట్టుకొని వాద్యాలు, తరువాత గొంతు వేరువేరుగా రికార్డు చేయండి. పూర్తయినది ఖరీదైన స్పీకర్లలోనే గాక చవక ఫోనులో కూడా విని చూడండి. మీ పాట వినేవారిలో ఎక్కువమంది దానిలోనే వింటారు.

మూడవది, మీ హక్కు తెలుసుకోండి. మన దేశపు 1957 కాపీరైటు చట్టం ప్రకారం పాట రాసి, స్వరపరచిన క్షణం నుండే అది మీది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. సాక్ష్యంగా చేయించుకోదలిస్తే రచనకు, బాణీకి ఒక్కొక్కదానికి 500 రూపాయలు, రికార్డింగుకు 2000 రూపాయలు రుసుము. పాట మీద హక్కు వేరు, దాని రికార్డింగు మీద హక్కు వేరు. ఎవరికైనా హక్కు రాసి ఇవ్వాలంటే అది కాగితం మీద, సంతకంతో ఉండాలి. ఎన్నాళ్లకో రాయకపోతే 5 సంవత్సరాలకే అని చట్టం భావిస్తుంది. కనుక ఒక చానెలు వారు వచ్చి మీ వీడియో మేమే తీస్తామంటే, చదవకుండా సంతకం పెట్టకండి. శాశ్వతంగా, సమస్త హక్కులు అనే మాటలు కనబడితే చదివినవారికి చూపించండి.

ఇతరుల హక్కును కూడా గౌరవించాలి. రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరాలు అతని రచన మీద హక్కు ఉంటుంది. 1890లో ప్రభువునందు నిద్రించిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనల మాటలు నేడు అందరివీ. వాటిని కొత్తగా రికార్డు చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కాని నేటి రచయిత పాట అలా కాదు. ఆరాధనలో పాడుకోవడానికి చట్టం మినహాయింపు ఇచ్చింది. అదే పాటను వేరుగా రికార్డు చేసి యూట్యూబులో పెట్టాలంటే అనుమతి అడగాలి. ఎక్కడి నుండో దించుకొన్న ట్రాకు మీద పాడితే, వీడియో మీదే అయినా దాని రాబడి ఇంకొకరికి పోవచ్చు.

నాలుగవది, డబ్బు. యూట్యూబు ప్రకటనల రాబడిలో వాటా రావాలంటే సాధారణంగా 1000 మంది చందాదారులు, ఒక సంవత్సరంలో 4000 గంటల వీక్షణ ఉండాలి. ఆ తరువాత వచ్చేది కూడా మొదట్లో తీగల ఖర్చుకు సరిపోతే గొప్ప. కాబట్టి ఉన్న ఉద్యోగం, చదువు మానకండి. ఒక నోటు పుస్తకం కొని ప్రతి రూపాయి రాయండి. పాట ఎవరు రాశారు, బాణీ ఎవరిది, రాబడిలో ఎవరి వాటా ఎంత, ఒకరు విడిపోతే బృందం పేరు ఎవరికి మిగులుతుంది, ఇవన్నీ స్నేహంగా ఉన్నప్పుడే ఒక కాగితం మీద రాసుకొని అందరూ సంతకం చేయండి. డబ్బు వచ్చిన తరువాత రాసుకొందామంటే అప్పటికి స్నేహం ఉండకపోవచ్చు. డోలక్ వాయించడానికి పిలిచిన అన్నయ్యకు ఇచ్చేదేదో ముందే చెప్పండి. సేవ అనే మాటను కూలి ఎగవేయడానికి వాడకూడదు.

పెద్దలతో ఒక మాట. పిల్లలు కొత్త బాణీ పాడితే అది సినిమా బాణీ అని వెంటనే కొట్టివేయకండి. డార్సీ ముఖాన తలుపు మూసిన సంఘాల వంశీయులే నేడు ఆయన పాటలు పాడుతున్నారు. వారంలో ఒక సాయంత్రం సంఘ భవనపు గది ఒకటి వారికి తెరవండి. కరెంటు బిల్లు కంటే అప్పుల బాధ పెద్దది.

యౌవనులారా, కంపెనీ లేకపోవడం లోపం కాదు, ఓర్పు లేకపోవడం లోపం. ఈ ఏడాది మూడు పాటలు, ఒక నోటు పుస్తకం, అప్పు లేని ఇల్లు. ఈ మూడూ నిలుపుకొంటే వచ్చే ఏడాది నాలుగో పాట కట్టుకోవచ్చు. దేవుడు మీ గొంతులను, మీ ఇళ్లను కాపాడును గాక.