స్విచ్ వెయ్యగానే బేసిక్: బీబీసీ మైక్రోతో మా తొలి ప్రోగ్రాం

మాది కళింగపట్నం. నా చిన్నప్పుడు మా ఊళ్లో కంప్యూటర్ అన్నదే లేదు. అయినా హాస్టల్ నుంచి సెలవులకొస్తే లైట్‌హౌస్ దగ్గర కూర్చుని నోటుబుక్కులో ప్రోగ్రాములు రాసేవాణ్ని. అదెలాగో ఈరోజు చెప్తాను.

1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం పెట్టి, తొలివిడతలో సుమారు 250 బళ్లకి బీబీసీ మైక్రోలు ఇచ్చింది. బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీ 1981లో తెచ్చిన మెషీన్ అది. నేను చదివిన బడికీ వచ్చాయి. నలుగురికి ఒకటి, వారానికి ఒక పీరియడ్.

స్విచ్ వేస్తే బీప్‌మంది. తెరమీద ‘బీబీసీ కంప్యూటర్ 32కె’, కింద ‘బేసిక్’, మినుకుమనే కర్సర్. అంతే. పక్కనున్నోడు "ఏట్రా, ఇందులో ఏటీ లేదు!" అన్నాడు. ఉండాల్సిందంతా లోపలే ఉంది లెండి. సోఫీ విల్సన్ రాసిన బేసిక్ ఇంటర్‌ప్రెటర్ 16 కిలోబైట్ల రోమ్ చిప్‌లో కూర్చునుంది. డిస్కు అక్కర్లేదు.

మా మొదటి ప్రోగ్రాం పదిహేడో ఎక్కం.

10 ఫర్ ఐ = 1 టు 10
20 ప్రింట్ 17 * ఐ
30 నెక్స్ట్ ఐ

రన్ అంటే 17 నుంచి 170 దాకా గబగబా పడ్డాయి. ఆ ఎక్కం రాక మా వీపులెన్నిసార్లు వాచాయో! వరసల నంబర్లు పదేసి ఎందుకంటే, మధ్యలో ఏదైనా మర్చిపోతే 15 అని ఇరికించొచ్చు. ‘ప్రింట్’ స్పెల్లింగు తప్పితే కొట్టేటప్పుడు ఏమీ అనదు. రన్ అన్నాక, అక్కడిదాకా వచ్చి, "మిస్టేక్ ఎట్ లైన్ 20" అంటుంది.

ఇంటర్‌ప్రెటర్ పనల్లా ఒక వరస చదవడం, చెప్పింది చెయ్యడం, తర్వాతి వరసకి పోవడం. నేను పెన్సిల్‌తో అదే చేసేవాణ్ని. ఐ అంటే 1, కొట్టేసి 2, మళ్లీ కొట్టేసి 3.

ఓసారి నలభై వరసలు కొట్టాక కరెంటు పోయింది. పొరపాటున బ్రేక్ మీట నొక్కితే ‘ఓల్డ్’ అని ప్రోగ్రాం తిరిగి తెచ్చుకోవచ్చు. కరెంటే పోతే ర్యామ్‌లో ఏదీ మిగలదు. క్యాసెట్‌లో సేవ్ చెయ్యొచ్చు, మేం చెయ్యలేదు. నోటుబుక్కు చూసి పైవారం మళ్లీ కొట్టాం. పాత తప్పులే మళ్లీ వచ్చాయి! మెషీన్ మీద దిద్దినవేవీ పుస్తకంలో దిద్దుకోలేదు మరి. అప్పట్నుంచి ముందు పుస్తకంలో దిద్ది, తర్వాతే మీటలు నొక్కేవాళ్లం.

ఇప్పుడు ఎమ్యులేటర్ తెరుస్తున్నాను. 20వ వరసలో 17 తీసేసి అక్కడా ఐ అని పెడితే చివర్న ఏ అంకె వస్తుంది? వీడియో ఆపి, కాగితం మీద చేసి చూడండి. నేను రన్ కొడతాను.