హేఫీల్డ్ కొండల్లో ఒక శనివారం

(ఆలయ సభామందిరంలో వాలంటీర్ల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

వంటశాల నుంచి సాంబారు వాసన వస్తోంది కాబట్టి మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టం. పోయిన నెల ఒక శనివారం మన వాలంటీర్లం ఆరుగురం, మాలో ఒకరి మామగారు కలిసి స్థానిక నడక బృందంతో పీక్ డిస్ట్రిక్ట్‌లో రోజంతా నడిచి వచ్చాం. ఆ కబుర్లు చెబుతాం. చివర్లో ఒక మనవి కూడా ఉంది.

మామగారిని మీరంతా చూసే ఉంటారు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు, 68 ఏళ్లు. ఊళ్లో రోజూ పొద్దున్నే చెరువు గట్టు దాకా నడిచి వచ్చే మనిషి. ఇక్కడికొచ్చి నాలుగు నెలలైనా గుడికి తప్ప గడప దాటలేదు. కారణం అడిగితే, "ఏది ఎవరి స్థలమో తెలియదు నాయనా. ఎవరైనా ఏమైనా అంటే జవాబు చెప్పేంత ఇంగ్లీషు నాకు లేదు" అన్నారు. నిజం చెప్పాలంటే మాకూ ఆ జంకు ఉంది. ఏళ్ల తరబడి ఈ కొండల్ని కారు అద్దంలోంచే చూశాం. గేటు తీసుకుని పొలంలో అడుగు పెట్టొచ్చని మాకు తోచనే లేదు.

హేఫీల్డ్ ఊరి చివర బౌడెన్ బ్రిడ్జి దగ్గర, పాత రాతి క్వారీలో ఉన్న కార్ పార్కులో అందరం కలుసుకున్నాం. అక్కడి రాతి మీద ఒక ఫలకం ఉంది. బృందాన్ని నడిపించే పెద్దావిడ దాని కథ చెప్పారు. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందల మంది, ఎక్కువగా మాంచెస్టర్ చుట్టుపక్కల పనిచేసే కుర్రవాళ్లు, ఇక్కడి నుంచే కిండర్ స్కౌట్ కొండ మీదికి బయల్దేరారు. అప్పట్లో అది భూస్వాములు గ్రౌజ్ పిట్టల వేటకు ఉంచుకున్న నేల. మామూలు జనాన్ని రానిచ్చేవారు కాదు. కాపలాదార్లతో తోపులాట జరిగింది, ఐదుగురు జైలుకెళ్లారు. వారిలో ఒకరైన బెన్నీ రోత్‌మన్‌కి అప్పటికి 20 ఏళ్లే. 1951లో ఈ ప్రాంతం బ్రిటన్‌లో మొదటి నేషనల్ పార్కు అయింది. 2000లో వచ్చిన చట్టంతో ఇంగ్లండ్, వేల్స్‌లలో గుర్తించిన కొండ నేలల మీద కాలినడకన తిరిగే హక్కు అందరికీ వచ్చింది.

"అందరికీ అంటే మాలాంటి వాళ్లకి కూడానా?" అని మాస్టారు మా చేత అడిగించారు.

"ఆయనకి కూడా" అన్నారావిడ.

దారిలో చాలా నేర్చుకున్నాం. పసుపు బాణం ఉంటే నడిచేవాళ్ల బాట. నీలం బాణం ఉంటే గుర్రాలు, సైకిళ్లు కూడా వెళ్లొచ్చు. పొలం రైతుదే అయినా ఆ బాట మీద నడిచే హక్కు అందరిదీ. గేటు మూసి ఉంటే మళ్లీ మూసే వెళ్లాలి, లేకపోతే గొర్రెలు బయటపడతాయి. కిండర్ రిజర్వాయర్ పక్కగా వెళ్లి, విలియం క్లఫ్ అనే లోయలో వాగుని అటూ ఇటూ దాటుకుంటూ పైకెక్కాం. పైన గాలి ఎంత చలిగా ఉందంటే పులిహోర డబ్బా మూత తియ్యడానికి వేళ్లు వంగలేదు.

దిగేటప్పుడు మాస్టారి మోకాలు పట్టేసింది. మాకు ఒకటే మొహమాటం. "మీరు వెళ్లిపోండి, మేం నెమ్మదిగా వస్తాం" అన్నాం. ఎవరూ కదల్లేదు. ఒకరు తన ఊతకర్ర ఆయన చేతికిచ్చారు. ఆ బృందంలో ఎప్పుడూ ఒకరు అందరికన్నా వెనక నడుస్తారు, ఆయన వెనక ఇంకెవరూ ఉండకూడదు. ముందున్నవాళ్లు ప్రతి గేటు దగ్గరా ఆగుతారు. వెనకవాళ్లు అందుకోగానే బయల్దేరరు, వాళ్లు కూడా కాసేపు ఊపిరి తీసుకున్నాకే కదులుతారు. అనుకున్నదానికన్నా గంట ఆలస్యంగా దిగాం. ఒక్కరూ వాచీ చూసుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో ఎవరం ఎక్కువ మాట్లాడలేదు. మన గుడిలో ఏ కార్యక్రమానికైనా పేరు యాప్‌లోనే ఇవ్వాలి. ఆ యాప్ రాసింది మేమే. అందులో ఇంగ్లీషు తప్ప తెలుగు పెట్టనిదీ మేమే. పిల్లల దగ్గరికొచ్చి ఉంటున్న పెద్దవాళ్లు ఎంతమంది "మా అబ్బాయికి తీరినప్పుడు చూస్తాంలే" అంటూ వెనక ఉండిపోయారో ఇన్నాళ్లూ మేం అడగలేదు. మేం గేటు దగ్గర ఆగలేదు.

అందుకే ఈ మనవి. ఇకనుంచి ప్రతి నెలా మొదటి శనివారం పొద్దున పది గంటలకి గుడి దగ్గర బయల్దేరి, కాలువ పక్కన చదునైన బాట మీద రెండు మైళ్లు నడుద్దాం. యాప్ అక్కర్లేదు, ప్రసాదం కౌంటర్ దగ్గర నోటితో చెబితే చాలు. జారని బూట్లు, వాన కోటు తెచ్చుకోండి. చీర మీద కోటు వేసుకున్నా ఎవరూ ఏమీ అనరు. మాలో ఒకరు ఎప్పుడూ అందరికన్నా వెనకే నడుస్తారు. యాప్‌లో తెలుగు కూడా పెడుతున్నాం, తప్పులుంటే పెద్దలు దిద్దాలి.

మాస్టారి మోకాలు వారంలో సర్దుకుంది. మొన్న ఈ ప్రసంగం గురించి అడుగుదామని ఇంటికి ఫోన్ చేస్తే ఆయన లేరు. వెనక వీధిలో పసుపు బాణం కనపడిందని, అది ఎక్కడికి పోతుందో చూసొస్తానని వెళ్లారట.

ఇక భోజనాలకి లేవండి.